శనివారం అమావాస్య, మంత్రాలయం దారి

1980 ఫిబ్రవరి 16 శనివారం పడింది. శివరాత్రి వెనకాలే వచ్చే అమావాస్య. శనివారమూ అమావాస్యా కలిస్తేనే మా కడపలో గడప దాటడానికి వెనకాముందాడతారు. దానికి సంపూర్ణ సూర్యగ్రహణం కూడా తోడైతే ఇక చెప్పే పనే లేదు. అంతకు ముందు జూలైలో స్కైల్యాబ్ నెత్తిన పడుతుందని జనం ఉన్న కోళ్లన్నీ కోసుకుని తినేశారు. అది మనల్ని వదిలేసి ఆస్ట్రేలియాలో పడింది. భయం వట్టిదని తేలినాక మనుషులకు ధైర్యం రావాలి కదా, రాలేదు. అప్పుడు తప్పిపోయింది ఇప్పుడు తగులుకుంటుందనే లెక్కలో పడ్డారు. మా అవ్వకైతే 1962 ఫిబ్రవరి గుర్తు. అష్టగ్రహ కూటమి, ఆ అమావాస్యకూ సూర్యగ్రహణమే, ఊరూరా హోమాలు, భజనలు. లోకం మునగకపోవడం ఆ భజనల పుణ్యమేనని ఆమె చివరిదాకా నమ్మింది.

చదువుకున్నవాళ్లూ ఏం తక్కువ తినలేదు. బొంబాయిలో ఇంగ్లండుతో స్వర్ణోత్సవ టెస్టు మ్యాచి శుక్రవారమే మొదలైంది. ఒక్కరోజు ఆడి, శనివారం విశ్రాంతి దినమని ప్యాడ్లు విప్పేశారు. గ్రహణం నాడు జనాన్ని స్టేడియానికి రప్పించే ధైర్యం ఎవరికీ లేదు. గవాస్కర్‌నూ బోథమ్‌నూ కూర్చోబెట్టిన రోజున ఇంటర్మీడియట్ చదివే కుర్రాడు గ్రహణం చూడటానికి రైలెక్కి పోతానంటే ఎవరు పంపుతారు?

పైగా నాకు కామెర్లు.

సంక్రాంతికి నిప్పట్లు తిని పడుకున్నవాణ్ని మళ్లీ సరిగ్గా లేవలేదు. కళ్లు పచ్చబడ్డాయి, అన్నం వాసన తగిలితే కడుపులో తిప్పేది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, లివరు వాచిందనీ, నెల దాటేదాకా మంచం దిగొద్దనీ, నూనె చుక్క తగలకూడదనీ చెప్పాడు. మజ్జిగన్నం, బార్లీ నీళ్లు, చెరకు రసం. డాక్టరు మాట వింటూనే అమ్మ తెల్లారి పరగడుపున నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించేది. ఏది పనిచేసిందో గానీ ఫిబ్రవరి నాటికి కళ్లలో పసుపు కొంచెం విరిగింది. మిద్దె మెట్లెక్కితే మాత్రం కాళ్లు వణికేవి.

ముద్దనూరు పక్క పల్లెలో లెక్కల అయ్యవారుగా ఉన్న మా చిన్నమామ, నేను ఆ స్థితిలో ఉండగా, ఇంటికి వచ్చాడు. చేతిలో బడి అట్లాసు నుంచి తీసిన భారతదేశం పటం, దాని మీద పెన్సిలుతో గీసిన రెండు గీతలు. చంద్రుడి నీడ పడమటి తీరాన అంకోలా దగ్గర నేలకెక్కి, గదగ్, రాయచూరు, పాలమూరు, నల్లగొండ, ఖమ్మం మీదుగా పోయి పూరీ దగ్గర సముద్రంలో దిగుతుంది. రెండు గీతల మధ్య వెడల్పు నూట ముప్పై కిలోమీటర్లకు అటూఇటూ. రాయలసీమకు ఆ నీడ విదిల్చింది ఒక్క మూలే: కర్నూలు జిల్లా వాయవ్యాన తుంగభద్ర గట్టు. కర్నూలు పట్నం దక్షిణపు గీతకు పక్కనే పడింది, కొద్దిలో తప్పిపోయింది. కడప మరీ కింద.

"ఈడనే తొంభై పాళ్ల పైన మూసుకుంటాదంట కదప్పా, మిద్దెక్కి చూస్తే పోలా?" అన్నాడు నాయన.

"బావా, తొంభైకి ఫస్టు క్లాసు ఇచ్చే పరీక్ష కాదిది. తొంభై తొమ్మిదొచ్చినా ఫెయిలే."

ఆ మాటకు అర్థం నాకు తర్వాత గానీ ఎక్కలేదు. సూర్యుడి చుట్టూ ఎప్పుడూ ఉండే కరోనా అనే కాంతి వలయం వెలుగు సూర్యుడి వెలుగులో పది లక్షల వంతు. ఒక్క శాతం సూర్యుడు మిగిలి ఉన్నా అది కరోనా కంటే పదివేల రెట్లు ఎక్కువ. ఆ ఒక్క శాతం అడ్డం తొలగితే తప్ప లోపలున్నది కనపడదు. పాక్షిక గ్రహణం చూసి గ్రహణం చూశామనుకోవడం, పెళ్లి పందిరి దాకా పోయి వాకిట్లోంచే తిరిగి రావడం.

అవ్వ ఒప్పుకోలేదు. "పచ్చకండ్లోడు సూర్యుని చూస్తే సూర్యునికే కామెర్లొస్తాయి" అంది. అమ్మకు దిగులు రెండు వైపులా. తొలి కాన్పుకు వచ్చిన అక్కను ఆ పూట చీకటి గదిలో కదలకుండా, గోరు కూడా గిల్లకుండా పడుకోబెట్టాలి, ఇక్కడ కొడుకేమో ఎండలో బండల మీద కూర్చుంటానంటున్నాడు. చివరికి నన్ను గట్టెక్కించింది నాయన ఉద్యోగం. రైల్వేలో గూడ్సు క్లర్కు ఆయన, రైలెక్కడాన్ని ప్రయాణంగా లెక్కపెట్టేవాడు కాదు. "గుంతకల్లు దాకా మనోళ్లే గదా, ఏమన్నా అయితే ఎవురికో ఒకరికి చెప్తే దింపుతారు" అన్నాడు. కాచి చల్లార్చిన నీళ్ల సీసా, మజ్జిగన్నం డబ్బా, గ్రహణం మైల తగలకుండా ఆ డబ్బాలో గరిక పోచలు. అమ్మ ఒప్పుకున్నట్టు నోటితో చెప్పలేదు, గరిక వేసిందంటే ఒప్పుకున్నట్టే.

మామ జేబులో ఇంకొక సరంజామా ఉంది. ఊళ్లో పిల్లలందరూ గాజుపెంకులకు దీపం మసి పట్టిస్తుంటే ఆయన వెల్డింగు షాపులో అడిగి పద్నాలుగో నంబరు నల్లద్దం సంపాదించాడు. మసి అద్దంలో నుంచి చూస్తే వెలుతురు తగ్గినట్టే ఉంటుంది, కళ్లను కాల్చే కిరణాలు మాత్రం దాటుకుని వస్తాయి, పిల్లలకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరని తిట్టుకుంటూనే ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ప్యాసింజరు. కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం. పట్టాల కిరుపక్కలా నాపరాళ్ల గుట్టలు, కోసి నిలబెట్టిన బండలు. పెన్నలో నీళ్లు లేవు, ఉంటే కదా చెప్పుకోవాలి. తాడిపత్రి దాటాక ఎండ తగ్గింది, నాకు ఒళ్లు మాత్రం బరువెక్కింది. గుత్తిలో దిగి తిరిగి పోదామా అని మామ అడిగాడు. తల అడ్డంగా ఆడించడానికి కూడా ఓపిక లేక కళ్లు మూసుకున్నాను. ఆయన దాన్ని ఇష్టమున్నట్టు రాసుకున్నాడు.

గుంతకల్లులో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద దిగగానే డోకు. తాగిన మజ్జిగంతా పోయింది. సిమెంటు బెంచీ మీద తల వాల్చి పడుకుంటే పైన ఆకాశం కనపడింది, పడమటి వైపు మబ్బు కట్టింది. మామ నా నుదురు చూడటం మానేసి ఆ మబ్బు చూడటం మొదలుపెట్టాడు. అది నేను చాలా ఏళ్లు ఆయన్ను ఏడిపించడానికి వాడుకున్నాను.

రాయచూరు వైపు బండి ఎక్కాక ఇంకో సంగతి జరిగింది. పచ్చటి కళ్లు, ఊగిపోయే తల, పక్కన పెద్దమనిషి, పోయేది మంత్రాలయం. పెట్టెలో ఉన్నవాళ్లందరూ ఒక్క లెక్కకే వచ్చారు: జబ్బు పిల్లోణ్ని రాయరు సన్నిధికి తీసుకుపోతున్నారు. రాఘవేంద్రస్వామిని ఆ వైపు అందరూ రాయరు అనే అంటారు. ఆస్పరి దగ్గర ఎక్కిన ఒక ముసలామె తన సీటు ఖాళీ చేసి నన్ను పడుకోబెట్టింది. ఆదోనిలో పత్తి బేళ్ల లెక్కలు మాట్లాడుకుంటూ ఎక్కినవాళ్లు సోడా తెప్పించారు. "మూడు పూటలు బృందావనం చుట్టూ తిప్పు సామీ, కామెర్లు యాడుంటాయి" అన్నారు. మామ నాస్తికుడు కాదు గానీ మొక్కుల మనిషి కాదు. అయినా మేం పోయేది గ్రహణం చూడటానికని ఒక్కసారీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ సీటు దక్కేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగి, తెల్లవారుజామున బస్సు పట్టుకుని ఊళ్లోకి చేరాం. మంచాల అనే పాత గ్రామం అది. ఆదోని పాలకుడి నుంచి ఆ భూమి మఠానికి వచ్చిందనీ, 1671లో రాఘవేంద్రులు అక్కడే సజీవంగా బృందావన ప్రవేశం చేశారనీ చెబుతారు. సత్రంలో చాప దొరికింది. గుంతకల్లులో పడమటి వైపు చూసిన మబ్బు రాత్రికి రాత్రి మాతోనే వచ్చినట్టుంది. పొద్దున లేచి చూస్తే ఆకాశం అంతా పాల మీగడ రంగు, పల్చటి పొర.

ఇక్కడొక మాట చెప్పాలి. మబ్బు కోసం రాయలసీమ మనిషి చేయని పని లేదు. కప్పను కావడి కట్టి వీధుల్లో నీళ్లు పోయించుకుంటాడు. వరదపాశం అని బండ మీద పాయసం పోసి, మోకాళ్ల మీద వంగి నాలుకతో నాకుతాడు. ధాత కరువు కథలు మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పినవి. అట్లాంటి నేలలో పుట్టి, ఆ పొద్దున నేను తుంగభద్ర గట్టున కూర్చుని, సామీ ఈ ఒక్క పూట మబ్బు వద్దు అని మొక్కుకున్నాను. మామ విననట్టు ఉన్నాడు, ఆయన పెదాలూ కదులుతున్నాయి.

ఈ పొడి ఆకాశం కోసమే ఆ వారం దేశదేశాల వాళ్లు దక్కనుకు వచ్చారు. ఈశాన్య రుతుపవనం డిసెంబరుకు వెళ్లిపోతుంది, నైరుతి జూను దాకా రాదు, మధ్యలో ఫిబ్రవరి మనకు చుక్క పడని నెల. మాకు ఎగువన రాయచూరు జిల్లా జవళగెరలో వేణు బప్పు నాయకత్వంలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు దుర్భిణులు బిగించుకున్నారు. పాలమూరు జిల్లా పాలెంలో అమెరికా శాస్త్రవేత్తలు మకాం వేశారు. హైదరాబాదు దక్షిణాన ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాల అదృష్టం ఇంకో రకం, అది నీడను వెతుక్కుంటూ పోలేదు, నీడే దాని మీదికి వచ్చింది. మనల్ని ఎండబెట్టే ఆకాశమే వాళ్లను సముద్రాలు దాటించి రప్పించింది. బావిలో నీళ్లు లేని ఊరికి అతిథులు రావడం అరుదు కాబట్టి ఇది రాసిపెట్టుకోవాల్సిన విషయం.

మబ్బు ఎంత పని చేయగలదో నాకు తర్వాత బాగా తెలిసింది. 1999 ఆగస్టు 11 నాటి గ్రహణం గుజరాత్ నుంచి దేశాన్ని ఏటవాలుగా కోసుకుంటూ సాయంత్రానికి మన శ్రీకాకుళం వైపు వచ్చింది. నడి వానాకాలం. అక్కడిదాకా పోయి, చీకటి పడటం చూశాను, దేనివల్ల పడిందో చూడలేదు. 2009 జూలై 22న బీహార్‌లో తారేగనా అనే ఊళ్లో వేలమంది గుమిగూడితే వాళ్లకూ మబ్బే మిగిలింది. ఆ ప్రయాణానికి నేను టికెట్టు తీసుకుని కూడా పోలేకపోయాను, గుండెకు స్టెంటు వేసిన వేసవి అది. డాక్టరమ్మ నా మాట పూర్తిగా విని, "సూర్యుడు ఎక్కడికీ పోడు లెండి" అంది. ఆమెకు చంద్రుడి సంగతి తెలియదు. మన దేశంలో ఈసారి సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, అదీ కాశ్మీరు, లడాఖ్ ఎత్తుల మీద, నా గుండె ఆ ఎత్తుకు ఒప్పుకోదు. 2027 ఆగస్టు 2న ఈజిప్టు లక్సర్ దగ్గర ఆరు నిమిషాల పైన చీకటి పడుతుంది, ఎడారి, ఆగస్టులో మబ్బు ఊసే ఉండదు. రాయలసీమ వాడికి సరిపడే చోటు అది. పాసుపోర్టు తీయించాను.

మంత్రాలయానికి వస్తాను. పది గంటలకు పొర ఇంకా చిక్కబడ్డట్టు కనపడింది. పదకొండుకు నీడలు అంచులు తేలి పడుతున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు పడమర గాలి తిరిగింది. రెండు దాటేసరికి సూర్యుడి దరిదాపుల్లో పొర విడిపోయి నీలం బయటపడింది. ఈ గంటల్లో మామ బీడీలు కాల్చాడు, నేను డబ్బాలోని అన్నం నాలుగు ముద్దలు తిన్నాను, నిలిచింది. గరికను తీసి పారేస్తుంటే పక్క బండ మీది ఆయన "ఉంచు నాయనా, ఉంచు" అన్నాడు.

ఆయన తడిపంచెతో, పంచాంగంతో వచ్చిన మధ్వ బ్రాహ్మడు, డెబ్బై ఏళ్లుండొచ్చు, తెలుగు కన్నడం కలిపి మాట్లాడేవాడు. గుడి తలుపులు మూసేశారు. నదిలో అక్కడక్కడా మడుగుల్లో నడుముల్లోతున జనం పట్టు స్నానాలకు దిగి ఉన్నారు. ఆయన మాత్రం ఒడ్డునే కూర్చుని జేబు గడియారం తెరిచి పెట్టుకున్నాడు. స్పర్శకాలం, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం: అయిదింటికీ వేళలు పంచాంగంలో ఎర్ర సిరాతో గీత కొట్టి ఉన్నాయి. మామ తన జేబులోంచి దినపత్రికలో కత్తిరించుకున్న ముక్క తీశాడు. ఇద్దరూ అంకెలు చదువుకున్నారు. కొద్ది నిమిషాల తేడా. "స్పర్శ ఎప్పుడో కచ్చితంగా తెలియకుండా సంకల్పం ఎట్ల చెప్పేది?" అని ఆయన మామ దగ్గర నల్లద్దం అడిగి తీసుకున్నాడు. రెండున్నర ప్రాంతంలో సూర్యుడి పడమటంచున మొదటి నొక్కు పడింది. అద్దంలోంచి చూసి, గడియారం చూసి, పంచాంగం అంచున పెన్సిలుతో ఏదో గుర్తు వేసుకుని, అద్దం తిరిగిచ్చి నీళ్లలోకి దిగాడు. ఎవరి లెక్క గెలిచిందో చెప్పలేదు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ఇంకొకాయన గుర్తొస్తాడు, పుస్తకాల్లో పరిచయమైనవాడు. 1868 ఆగస్టు 18 పొద్దున కూడా ఇదే నేల మీద చంద్రుడి నీడ పోయింది. ఆ నీడ మా నీడ కంటే చాలా వెడల్పు, గుంటూరు దగ్గర అయిదు నిమిషాల పైన చీకటి. మంత్రాలయం, గద్వాల, వనపర్తి, శ్రీశైలం, కర్నూలుతో సహా దాని కిందికి వచ్చాయి. ఒక చోట సంపూర్ణ గ్రహణం పడితే మళ్లీ అక్కడే పడటానికి సగటున మూడున్నర వందల ఏళ్ల పైన పడుతుందంటారు, తుంగభద్ర–కృష్ణ మధ్య భూమికి 112 ఏళ్లలో రెండు దక్కాయి. 1868లో వనపర్తికి మద్రాసు వేధశాల నుంచి ఒక బృందం వచ్చింది. నాయకుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల కుటుంబం, వేధశాలలో చిన్న కొలువుతో మొదలై, ఆకాశంలో వెలుగు పెరిగి తరిగే ఒక నక్షత్రాన్ని కనిపెట్టినవాడు. కళ్లతో చూసిన దానికి పంచాంగం లొంగాలి గానీ, పంచాంగానికి ఆకాశం లొంగదని వాదించి దృగ్గణిత పంచాంగం పట్టుకున్నాడు. 1880లో పోయాడు. ఆయన పోయిన నూరేళ్లకు సరిగ్గా ఈ రెండో నీడ వచ్చిందని అప్పట్లో మా మామకూ తెలియదు.

ఆ 1868 గ్రహణం రోజునే గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద నిలబడి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును గాజు పట్టకం గుండా విడదీశాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ ఉన్నాడు. ఆ వెలుగులో ఒక పసుపు గీత ఏ తెలిసిన పదార్థానికీ అతకలేదు. ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే అదే గీతను పట్టుకుని, ఇది భూమి మీద లేని మూలకమన్నాడు. హీలియం. భూమి మీద దాన్ని రామ్సే పట్టుకునేసరికి 1895 అయింది. బెలూన్లలో నింపే ఆ వాయువు కథలో మన గుంటూరు ఉండటం బడి పుస్తకాల్లో చెబుతారు, వనపర్తి పేరు మాత్రం ఎక్కడా చెప్పరు. నాకు కోపం వచ్చే చిన్న విషయాల్లో అది ఒకటి.

మూడు దాటింది. సగానికి పైగా మూసుకుపోయినా ఎండ ఎండలాగే ఉంది, కాకపోతే చుర్రుమనడం లేదు. ఇసుక మీద నా చేతి నీడ చూస్తే వేళ్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. గట్టున వేపచెట్టు ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ కొడవళ్లయ్యాయి, వందల కొడవళ్లు. అద్దం లేనివాళ్లకు చూపించమని మామ నన్ను పంపాడు. నలుగురు పిల్లలు వచ్చి ఆ కొడవళ్లను కాళ్లతో తొక్కారు, వాళ్ల పాదాల మీదికి ఎక్కాయి.

మూడున్నరకు రంగు మారింది. సాయంత్రం వెలుగు ఎర్రబడుతుంది, ఇది ఎర్రబడలేదు, సీసం రంగుకు తిరిగింది. చలి వేసింది. నాకు జ్వరం తగిలిందేమోనని మామ చెయ్యి పట్టుకుని చూశాడు, ఆయన చెయ్యీ చల్లగానే ఉంది. కొంగలు మడుగుల మీంచి లేచి వరసగా చెట్ల వైపు పోయాయి. జనంలో మాటలు తగ్గి జపాలు పెరిగాయి. మామ ఎగువ వైపు, నైరుతి దిక్కు చూడమన్నాడు. నది వంపు అవతల ఆకాశం అడుగున నల్లటి మూత ఒకటి లేచింది. వాన కారు కమ్ముకొచ్చేటప్పుడు అట్లా ఉంటుంది, కానీ ఉరుము లేదు, వాన వాసన లేదు. సెకనుకు సుమారు కిలోమీటరు వేగం దానిది. తప్పుకోవాలనిపించింది. లేచి నిలబడ్డాను కూడా.

సూర్యుడు గీత అయ్యాడు, గీత తెగి ముత్యాలయ్యాడు, ఒక్క ముత్యం మిగిలి భగ్గుమని ఆరింది. మామ అద్దం కింద పెట్టి "కండ్లతోనే చూడు" అని అరిచాడు. నిర్భయంగా చూసే రెండు నిమిషాల పైచిలుకు కాలం, అద్దం అక్కర్లేని కాలం, అదొక్కటే.

నల్లటి బొట్టు. దాని చుట్టూ అన్ని వైపులకూ సమంగా విచ్చుకున్న తెల్లటి రేకులు. సూర్యుడు పదకొండేళ్లకోసారి ఉద్ధృతం అవుతాడనీ, 1980 ఆ ఉద్ధృతపు రోజులనీ, అప్పుడు కరోనా గుండ్రంగా ఉంటుందనీ, సూర్యుడు నెమ్మదించిన ఏళ్లలో రెండు పక్కలకే సాగి ఉంటుందనీ తర్వాత చదివాను. బొట్టు అంచున రెండు మూడు చోట్ల కుంకుమ రంగు నిప్పులు. నడినెత్తికి దగ్గర్లో శుక్రుడు వెలుగుతున్నాడు, సూర్యుడికి కొంచెం పైన ఇంకో చుక్క, బుధుడని మామ అన్నాడు. మన పెద్దలు బుధుణ్ని చూడటం కష్టమంటారు. పట్టపగలు చూశాను. దిక్కులన్నిట్లో, చుట్టూరా, నేల అంచున పొద్దుగుంకినప్పటి నారింజ పట్టీ. నాలుగు వైపులా సాయంత్రం, పైన రాత్రి. నీళ్లల్లో జనం కొందరు అరిచారు, కొందరు ఏడ్చారు, ఎక్కువమంది కళ్లు మూసుకున్నారు. పంచాంగం పెద్దాయన నాకు పది అడుగుల దూరంలో, సూర్యుడికి వీపు పెట్టి, ముక్కు పట్టుకుని జపం చేస్తున్నాడు. నిమీలనం నుంచి ఉన్మీలనం దాకా ఒక్కసారి కూడా తిరగలేదు. ఒకటి రెండుసార్లు పిలుద్దామనుకున్నాను. ఆయన వచ్చిన పని ఆయన చేసుకుంటున్నాడు, నన్ను జపం చెయ్యమని ఆయన అనలేదు కదా అని ఊరుకున్నాను.

కుడి పక్కన వెలుగు పొడిచింది. నది తెల్లబారింది. కోడి కూయడం కథల్లో రాస్తారు, నాకు వినపడలేదు. మామ కూర్చుండిపోయి, కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. నాకు ఆకలేసింది. సంక్రాంతి తర్వాత మొదటిసారి ఆకలేసింది. దీన్ని రాయరు ఖాతాలో వేయాలో, నేల ఉసిరి ఖాతాలో వేయాలో, సూర్యుడి ఖాతాలో వేయాలో మా ఇంట్లో ఇప్పటికీ తగాదా ఉంది.

అయిదవుతుండగా విడుపు స్నానాలు. స్టేషనుకు పోయే బస్సు మధ్యాహ్నం నుంచి ఊరి చివర చెట్టు కింద అద్దాలు మూసుకుని నిలబడి ఉంది. డ్రైవరు, కండక్టరు సీట్ల మీద పడుకుని ఆ వేళంతా లోపలే గడిపారు. వాళ్లు కూడా పోయి మునిగి వచ్చి, తడి తలలతో ఎక్కారు. మేం ముందు సీట్లో కూర్చుంటే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏం కనపడె సామీ?"

మామ చెప్పబోయి ఆగి నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఎట్లా చెప్పానో గుర్తు లేదు, చేతులు ఆడించడం గుర్తుంది. డ్రైవరు ఇంజను స్టార్టు చెయ్యకుండా విన్నాడు.

"మళ్లా ఎప్పుడంట?"

"మన దేశంలో అయితే 1995 అక్టోబరు 24న" అన్నాడు మామ. "రాజస్థాన్ నుంచి బెంగాలు దాకా పోతాది."

డ్రైవరు స్టీరింగు మీద వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "అప్పటికి నాది రిటైరుమెంటు అయిపోయింటాది. తీరికే. ఆ రాజస్థానానికి పోవల్లంటే యాడ ఎక్కల్ల?"

"గుంతకల్లులో" అన్నాడు మామ.

కండక్టరు రైట్ కొట్టాడు.